పి53 యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ ఎలా చేయాలి, వచ్చిన బ్యాండ్‌ను ఎప్పుడు నమ్మాలి

"బ్యాండ్ రావడం లేదండీ" అని కొందరు, "53 దగ్గర బ్యాండ్ వచ్చింది, ఇక సరిపోయినట్లేనా అండీ" అని ఇంకొందరు. పరిశోధనలో కొత్తగా అడుగుపెట్టిన విద్యార్థులు పి53 అనే ప్రోటీన్‌ను చూపే వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి, మెంబ్రేన్ మీదికి మార్చి, యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) గురించి అడిగే ప్రశ్నలు ఎటు తిరిగినా ఈ రెండింటి దగ్గరికే చేరతాయి. మొదటి ప్రశ్న అడిగినవారి గురించి నాకు పెద్దగా బెంగ ఉండదు. బ్యాండ్ రాకపోతే ఎవరైనా వెతుకుతారు, నాలుగు రోజుల్లో సరిదిద్దుకుంటారు. రెండో ప్రశ్న అడిగినవారిని మాత్రం కూర్చోబెట్టి మాట్లాడతాను. సరైన చోట వచ్చిన తప్పు బ్యాండ్‌ను నమ్మి నెలల పని దాని మీద కట్టుకున్నవారిని చూశాను. అందుకే ఈ పద్ధతి మొత్తం ఒకే విషయం చుట్టూ తిరుగుతుంది: పి53 లేని కణంలో ఆ బ్యాండ్ మాయమైతేనే అది పి53.

ముందుగా, పని చేయడానికి చాలినంత నేపథ్యం. పి53ను 1979లో కనుగొన్నారు. దాదాపు పదేళ్ల పాటు దాన్ని కేన్సర్‌ను పెంచే ప్రోటీన్ అనుకున్నారు. మొదట్లో పరిశోధకుల చేతికి చిక్కిన ప్రతులు మార్పు చెందినవి కావడమే దానికి కారణం. అది నిజానికి కణితిని అడ్డుకునే ప్రోటీన్ అని 1989లో తేలింది. మనిషి పి53లో 393 అమైనో ఆమ్లాలు ఉంటాయి. లెక్క కడితే బరువు సుమారు 44 కిలోడాల్టన్లే (ప్రోటీన్ల బరువును ఈ కొలతలో చెబుతారు), కానీ ప్రోలీన్లు ఎక్కువగా ఉన్న భాగం వల్ల జెల్‌లో నెమ్మదిగా నడిచి 53 దగ్గర ఆగుతుంది. మామూలు కణంలో ఎండీఎం2 అనే ప్రోటీన్ దీన్ని ఎప్పటికప్పుడు నాశనానికి పంపిస్తుంటుంది, సగం పి53 సుమారు 20 నిమిషాల్లోనే కరిగిపోతుంది. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు ఆ నాశనం ఆగి పి53 పోగవుతుంది. దెబ్బ తగలని మామూలు కణంలో మీకు బ్యాండ్ పలచగా కనిపించడానికి కారణం ఇదే. అది మీ చేతి తప్పు కాదు.

ఏ యాంటీబాడీ తీసుకోవాలి

మనిషి కణాలతో మొదటిసారి చేస్తున్నవారు డీవో-1 అనే క్లోన్‌తో మొదలుపెట్టండి. ఇది ఎలుక నుంచి తయారైన మోనోక్లోనల్ (ఒకే కణ వంశం నుంచి వచ్చిన, ఒకే చోట పట్టుకునే) యాంటీబాడీ, ఐజీజీ అనే యాంటీబాడీ తరగతిలో ఐజీజీ2ఏ రకం. పి53 మొదటి కొసలో 20 నుంచి 25 వరకు ఉన్న అమైనో ఆమ్లాల దగ్గర పట్టుకుంటుంది. మామూలు పి53నూ, మార్పు చెందిన పి53లలో చాలావాటినీ ఒకేలా గుర్తిస్తుంది. కాబట్టి ఈ యాంటీబాడీ "పి53 ఎంత ఉంది" అని చెబుతుంది, "మంచిదా చెడ్డదా" అని చెప్పదు. ఈ తేడా చాలామంది మరచిపోతారు.

డీవో-1కు మూడు పరిమితులు ఉన్నాయి. మొదటిది, ఎలుక పి53ను అది పట్టుకోదు. మీ నమూనాలు ఎలుక కణాలో ఎలుక కణజాలమో అయితే ఈ సీసా మీకు పనికిరాదు, కుందేలు నుంచి తయారైన సీఎం5 లాంటిది చూడండి. రెండోది, మొదటి కొస లేని పొట్టి రూపాలు, డెల్టా40, డెల్టా133 అనేవి, దీనికి కనిపించవు. మూడోది, 20వ స్థానంలోని సెరీన్‌కు ఫాస్ఫేట్ అతుక్కుంటే దీని పట్టు సడలుతుంది. మొదటి బ్లాట్‌కు ఈ చివరి రెండూ అడ్డు రావు, కానీ ఫలితం అర్థం కానప్పుడు గుర్తుకు రావాలి.

డీవో-7 అన్న పేరు కూడా వింటారు. అది కణజాలపు సన్నటి కోతల మీద రంగు వేయడానికి ఎక్కువగా వాడుకలో ఉంది, వెస్టర్న్‌కూ పనికొస్తుంది. పీఏబీ1620 మాత్రం కొనవద్దు. అది మడత చెడని మామూలు పి53 ఆకారాన్నే గుర్తిస్తుంది. మనం వెస్టర్న్‌లో ప్రోటీన్‌ను మరిగించి ఆ ఆకారాన్ని పాడుచేసే జెల్‌లోకి పంపుతాం, కాబట్టి దానికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

కావలసినవి

కణాల ప్లేట్లు మూడు ఉండాలి. ఎంసీఎఫ్-7 (మామూలు పి53 ఉన్న రొమ్ము కేన్సర్ కణాలు) రెండు ప్లేట్లు, హెచ్1299 (పి53 బొత్తిగా లేని ఊపిరితిత్తుల కేన్సర్ కణాలు) ఒక ప్లేటు. హెచ్1299 దొరకకపోతే సావోస్-2 తీసుకోండి, అందులోనూ పి53 లేదు. ఎంసీఎఫ్-7 బదులు యూ2ఓఎస్, ఏ549, హెచ్‌సీటీ116 ఏదైనా సరే. పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం కణాల నిధి నుంచి మన ప్రయోగశాలలు కణాలు తెప్పించుకోవచ్చు. పక్క ల్యాబ్ నుంచి చేబదులు తెచ్చుకున్న కణాలైతే అవి నిజంగా ఆ కణాలేనా అని ఎస్‌టీఆర్ పరీక్ష, మైకోప్లాస్మా (కణాల్లో కనబడకుండా పెరిగే బ్యాక్టీరియా) పరీక్ష చేయించాకే నమ్మండి.

హెలా కణాలు అన్ని చోట్లా ఉంటాయి కాబట్టి వాటితో మొదలుపెడతామంటారు. వద్దు. వాటిలోని పాపిలోమా వైరస్ ఈ6 ప్రోటీన్ పి53ను నాశనం చేయిస్తుంది. హెచ్‌ఈకే293 కణాలది సరిగ్గా తిరగబడిన కథ. వాటిలో ఉన్న అడినోవైరస్ ప్రోటీన్ పి53ను పట్టి నిలబెడుతుంది, ఏ మందూ వేయకుండానే దట్టమైన బ్యాండ్ వస్తుంది. యాంటీబాడీ పనిచేస్తోందా లేదా అని తేల్చుకోవడానికి 293 లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) బాగుంటుంది, పి53 గురించి నిర్ణయాలకు బాగుండదు.

పి53ను పోగుచేయించే మందు: డాక్సోరూబిసిన్. లేదా నట్లిన్-3.

లైసిస్ బఫర్: రీపా. 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8, 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 1 శాతం ఎన్‌పీ-40, 0.5 శాతం సోడియం డీఆక్సీకోలేట్, 0.1 శాతం ఎస్‌డీఎస్. దీనికి ప్రోటియేజ్ నిరోధకాల మిశ్రమం, 1 మిల్లీమోలార్ పీఎంఎస్‌ఎఫ్ వాడబోయే ముందు కలపాలి. పీఎంఎస్‌ఎఫ్ నీటిలో నిలవదు. నిన్న కలిపిన బఫర్‌లో అది ఉన్నా లేనట్లే.

ఇంకా: ప్రోటీన్ కొలిచే బీసీఏ కిట్, 10 శాతం జెల్, పీవీడీఎఫ్ మెంబ్రేన్, మిథనాల్, పాన్సో ఎస్ రంగు (మెంబ్రేన్ మీది ప్రోటీన్లన్నిటినీ చూపేది), కడగడానికి టీబీఎస్‌టీ బఫర్, వెన్న తీసిన పాలపొడి, ఎలుక ఐజీజీని పట్టే హెచ్‌ఆర్‌పీ సెకండరీ యాంటీబాడీ (మొదటి యాంటీబాడీని పట్టుకునేది, హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైమ్ అతికించినది), ఆ ఎంజైమ్ తగిలితే వెలుగునిచ్చే ఈసీఎల్ ద్రావణం, అన్ని వరుసల్లో ప్రోటీన్ సమానంగా పడిందో లేదో చూడటానికి జీఏపీడీహెచ్ యాంటీబాడీ. పాలపొడి దగ్గర ఒక్క మాట. టీలో కలుపుకునే డైరీ వైట్‌నర్ ప్యాకెట్ తెచ్చి వాడినవారు ఉన్నారు. దానిలో కొవ్వు, పంచదార ఉంటాయి. ప్యాకెట్ మీద స్కిమ్డ్ మిల్క్ పౌడర్ అని ఉందో లేదో చదివి కొనండి.

యాంటీబాడీ చేతికి రాగానే

మే నెలలో మన ఊళ్లకు వచ్చే పార్సిల్ తెరవగానే ముందు ఐస్ ప్యాక్‌ను తాకి చూడండి. ఒకసారి నాకు వచ్చిన పెట్టెలో ఐస్ ప్యాక్ వేడినీళ్ల సంచిలా ఉంది. మోనోక్లోనల్ యాంటీబాడీలు ఒకటి రెండు రోజుల వేడికి సాధారణంగా తట్టుకుంటాయి కాబట్టి వెంటనే పారేయనవసరం లేదు. ఫొటో తీసి పెట్టుకుని, కింద చెప్పిన మూడు ప్లేట్ల పరీక్ష చేసి, దాటితేనే ఉంచుకోండి.

సీసాను ఒకసారి మెల్లగా సెంట్రిఫ్యూజ్ చేయండి, మూతకు అంటుకున్న నాలుగు చుక్కలు కిందికి దిగుతాయి. తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతలోనే ఉంచండి. ఫ్రీజర్‌లో పెట్టమని ఉంటే 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లోకి పంచండి. మాటిమాటికీ గడ్డకట్టించి కరిగిస్తే యాంటీబాడీలు ముద్దకట్టి పట్టు కోల్పోతాయి. 4 డిగ్రీల దగ్గర ఉంచమంటే ఫ్రీజర్ జోలికి వెళ్లవద్దు. ప్రతి ట్యూబు మీద క్లోన్ పేరు, లాట్ సంఖ్య, గాఢత, తేదీ రాయండి. "పి53" అని మాత్రమే రాసిన ట్యూబు ఆరు నెలల తర్వాత ఎవరికీ పనికిరాదు.

పని మొదలు

1. కణాలు 60 నుంచి 70 శాతం వరకు ప్లేటు నిండినప్పుడు ఒక ఎంసీఎఫ్-7 ప్లేటుకు 0.5 మైక్రోమోలార్ డాక్సోరూబిసిన్ వేసి 16 గంటలు వదిలేయండి. రెండో ఎంసీఎఫ్-7 ప్లేటుకూ, హెచ్1299కూ మందు కరిగించిన ద్రవాన్ని మాత్రమే అంతే పరిమాణంలో వేయండి. నట్లిన్-3 వాడితే 10 మైక్రోమోలార్, 8 నుంచి 16 గంటలు. నట్లిన్ డీఎన్‌ఏను దెబ్బతీయదు, ఎండీఎం2 పట్టు నుంచి పి53ను విడిపిస్తుంది. మామూలు పి53 ఉన్న కణాల్లోనే దాని పని కనిపిస్తుంది.

హెచ్చరిక: డాక్సోరూబిసిన్ మనుషులకు ఇచ్చే కీమో మందు, మీ డీఎన్‌ఏనూ అంతే దెబ్బతీస్తుంది. చేతి తొడుగులు వేసుకోండి, వెలుతురు తగలకుండా ఉంచండి, ఎర్రటి మీడియాను సింక్‌లో పోయకుండా విష వ్యర్థాల డబ్బాలో వేయండి.

2. ప్లేట్లను ఐస్ మీద పెట్టి చల్లటి పీబీఎస్ ఉప్పు బఫర్‌తో రెండుసార్లు కడగండి. 60 మిల్లీమీటర్ల ప్లేటుకు 100 మైక్రోలీటర్ల రీపా వేసి, గీకి ట్యూబులోకి తీసుకోండి. 20 నిమిషాలు ఐస్ మీదే ఉంచండి. పి53 చాలావరకు కేంద్రకంలో ఉంటుంది కాబట్టి ఇక్కడ తొందరపడితే నష్టం దానికే. లైసేట్ జిగురుగా సాగుతుంటే అది డీఎన్‌ఏ. సోనికేటర్‌తో రెండు మూడు చిన్న దఫాలు కొట్టండి, సోనికేటర్ లేకపోతే సన్నటి సూది ఉన్న సిరంజితో పదిసార్లు లాగి వదలండి. తర్వాత 4 డిగ్రీల వద్ద 14,000 జీ వేగంతో 15 నిమిషాలు తిప్పి పైనున్న తేట ద్రవాన్ని తీసుకోండి. జీ వేరు, నిమిషానికి తిరిగే చుట్లు వేరు, మీ యంత్రం ఏది చూపుతోందో చూసుకోండి. మధ్యలో కరెంటు పోతే ట్యూబులను వెంటనే తీసి ఐస్‌లోకి మార్చండి.

3. బీసీఏతో ప్రోటీన్ కొలవండి. నమూనా బఫర్ కలపకముందే కొలవాలి, అందులోని మెర్‌కాప్టోఇథనాల్ బీసీఏ రంగును చెడగొడుతుంది. ఒక్కో వరుసకు 30 మైక్రోగ్రాములు వేయండి. ఉదాహరణకు మీ లైసేట్ మైక్రోలీటరుకు 2.5 మైక్రోగ్రాములు ఉంటే 12 మైక్రోలీటర్లు తీసుకుని, 4 రెట్లు గాఢమైన నమూనా బఫర్ 4 మైక్రోలీటర్లు కలపండి, మొత్తం 16 అవుతుంది. 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచండి. మిగిలిన లైసేట్‌ను పంచి మైనస్ 80లో దాచండి.

4. జెల్‌లో వరుసలు ఇలా వేయండి: ల్యాడర్ (బరువులు తెలిసిన ప్రోటీన్ల మిశ్రమం), హెచ్1299, మందు లేని ఎంసీఎఫ్-7, మందు వేసిన ఎంసీఎఫ్-7. ఖాళీ వరుసల్లో నమూనా బఫర్ నింపండి, లేకపోతే అంచు వరుసలు వంకర పోతాయి. పైజెల్ దాటేవరకు 80 వోల్టులు, ఆ తర్వాత 120. నీలి రంగు అడుగుకు చేరగానే ఆపండి. జెల్‌ను మీరే పోసుకుంటుంటే, గడ్డకట్టని యాక్రిలమైడ్ నరాలకు విషమని మరవకండి.

5. పీవీడీఎఫ్‌ను మిథనాల్‌లో అర నిమిషం ముంచి, ట్రాన్స్‌ఫర్ బఫర్‌లోకి మార్చండి. మిథనాల్ తగలని పీవీడీఎఫ్ నీటిని దగ్గరికి రానివ్వదు. జెల్ నల్ల పలక వైపు, మెంబ్రేన్ ఎర్ర పలక వైపు. పొరల మధ్య గాలి బుడగలను గాజు గొట్టంతో దొర్లించి తీసేయండి. చల్లటి బఫర్‌లో, చుట్టూ ఐస్ పెట్టి 100 వోల్టుల దగ్గర 75 నిమిషాలు నడపండి.

6. ఇప్పుడు పాన్సో వేయండి. దీన్ని వదిలేసేవారే ఎక్కువ, నేను మాత్రం ఒక్కసారి కూడా వదలను. రెండు నిమిషాల్లో మెంబ్రేన్ మీద గులాబీ రంగు చారలు కనిపిస్తాయి. అన్ని వరుసలూ సమానంగా ఉన్నాయా, 53 దగ్గర ఎక్కడైనా గుండ్రటి తెల్ల మచ్చ ఉందా చూడండి. ఆ తెల్ల మచ్చ గాలి బుడగ ఉన్న చోటు. అది సరిగ్గా హెచ్1299 వరుసలో పడిందనుకోండి, బ్యాండ్ లేకపోవడం చూసి మీరు సంతోషపడతారు, అక్కడ అసలు ప్రోటీనే లేదని తెలియదు. ఫొటో తీసి నోటుపుస్తకంలో అతికించి, టీబీఎస్‌టీతో రంగు కడిగేయండి.

7. టీబీఎస్‌టీలో కలిపిన 5 శాతం పాలలో గది ఉష్ణోగ్రత వద్ద గంటసేపు బ్లాక్ చేయండి. పాలపొడి ఉండలు లేకుండా కరగాలి, కరగని ఉండలు చివర్లో నల్ల చుక్కలవుతాయి.

8. ప్రైమరీ యాంటీబాడీ, అంటే పి53ను పట్టే డీవో-1. "1:1000 వేయాలా, 1:500 వేయాలా" అని అడుగుతారు. సీసాలో ఎంత గాఢత ఉందో తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు. డీవో-1 ఒక చోట మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములుగా వస్తుంది, ఇంకో చోట 1 మిల్లీగ్రాముగా వస్తుంది. మొదటిదాన్ని 1:500గా, రెండోదాన్ని 1:2500గా కలిపినా చివరికి మిల్లీలీటరుకు 0.4 మైక్రోగ్రాములే. మీ లక్ష్యం 0.2 నుంచి 1 మధ్య ఉండాలి, 0.4తో మొదలుపెట్టండి. 4 డిగ్రీల వద్ద రాత్రంతా రాకర్ మీద ఉంచండి. మెంబ్రేన్ అంతటా ద్రవం కదలాలి, డబ్బాకు అంటుకుపోయి ఉండకూడదు.

9. టీబీఎస్‌టీతో పది నిమిషాల చొప్పున మూడుసార్లు కడగండి. సెకండరీని 1:5000 నుంచి 1:10000 మధ్య పాలలో కలిపి గంటసేపు ఉంచండి. మళ్లీ మూడుసార్లు కడగండి. సోడియం అజైడ్ ఉన్న ఏ ద్రావణమూ ఈ దశలో తగలకూడదు, అది హెచ్‌ఆర్‌పీని పనిచేయనివ్వదు. తిరిగి వాడటానికి దాచిన ప్రైమరీలో అజైడ్ వేసి ఉంటే, ఆ తర్వాతి కడుగులు మరింత శ్రద్ధగా చేయండి.

10. ఈసీఎల్ పోసి ఒక నిమిషం ఆగి, 10 సెకన్లు, 30 సెకన్లు, 1 నిమిషం, 5 నిమిషాలు ఇలా వరుసగా ఫొటోలు తీయండి. మొత్తం మెంబ్రేన్ కనిపించేలా తీయండి. మొదటిసారి చేసేటప్పుడు మెంబ్రేన్‌ను ముక్కలు చేయవద్దు. 40కి, 70కి మధ్య ముక్క మాత్రమే చూస్తే ఈ యాంటీబాడీ ఇంకా ఎక్కడెక్కడ అంటుకుంటుందో మీకు ఎప్పటికీ తెలియదు.

11. అదే మెంబ్రేన్ మీద జీఏపీడీహెచ్ చూడండి. అది 37 దగ్గర వస్తుంది కాబట్టి పి53తో కలవదు. ట్యూబులిన్ మాత్రం ఇక్కడ వాడకండి. అది 50 నుంచి 55 మధ్య వచ్చి సరిగ్గా మీ బ్యాండ్ మీదే కూర్చుంటుంది.

ఫలితం చదవడం

మీరు చూడవలసిన క్రమం ఇది. హెచ్1299లో 53 దగ్గర ఏమీ ఉండకూడదు, 5 నిమిషాల ఫొటోలో కూడా. మందు లేని ఎంసీఎఫ్-7లో పలచటి బ్యాండ్. మందు వేసిన దానిలో దట్టమైన బ్యాండ్. మూడు వరుసల్లోనూ జీఏపీడీహెచ్ సమానం. ఈ నాలుగూ కుదిరితే మీ యాంటీబాడీ, మీ చేయి, మీ మందు మూడూ పనిచేస్తున్నట్లే. తర్వాత మీ అసలు నమూనాలకు వెళ్లండి. అప్పుడు కూడా హెచ్1299 వరుసను ప్రతి జెల్‌లోనూ ఉంచండి.

హెచ్1299లో బ్యాండ్ వచ్చిందా? అయితే మూడు అనుమానాలు. పక్క వరుస నుంచి నమూనా ఒలికిందేమో, కణాలు హెచ్1299 కావేమో, లేదా బ్యాండ్ పి53 కాదేమో. ఈ మూడింటినీ ఈ క్రమంలోనే కొట్టివేయండి. సెకండరీ మాత్రమే వేసిన ఒక మెంబ్రేన్ ముక్క చివరి అనుమానాన్ని సగం తీరుస్తుంది.

రెండో సాక్ష్యం కావాలంటే పి53లో వేరే చోట పట్టుకునే యాంటీబాడీతో అదే నమూనాలను మళ్లీ చేయండి. డీవో-1 ఫలితాన్ని డీవో-7తో సరిచూశామని గర్వంగా చెప్పేవారున్నారు. ఆ రెండూ ప్రోటీన్ మీద దాదాపు ఒకే చోట పట్టుకుంటాయి కాబట్టి అది ఒకే సాక్షిని రెండుసార్లు పిలవడమే. 46 నుంచి 55 దగ్గర పట్టుకునే పీఏబీ1801గానీ, చివరి కొసలో పట్టుకునే పీఏబీ421గానీ తీసుకోండి. డబ్బు ఉంటే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో (ఒక ప్రోటీన్ తయారీని ఆపే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క) పి53ను తగ్గించి బ్యాండ్ తగ్గుతుందో లేదో చూడటం ఇంకా మంచిది. హెచ్‌సీటీ116లో పి53 జన్యువును తీసేసిన కణాలు 1998 నుంచి వాడుకలో ఉన్నాయి, అవి దొరికితే జత కణాలతో పోలిక చక్కగా కుదురుతుంది. కాకపోతే వాటిలో మొదటి కొస లేని పొట్టి పి53 కొంత మిగిలి ఉంటుంది. డీవో-1కు అది కనిపించదు, చివరి కొస యాంటీబాడీకి కనిపించవచ్చు. చూసి కంగారు పడకండి.

బ్యాండ్ దట్టంగా ఉంటే పి53 బాగా పనిచేస్తోందని రాసేస్తారు. చాలా సందర్భాల్లో నిజం దానికి తలకిందులు. ఎండీఎం2 తయారీని నడిపించేది పి53యే. మార్పు చెంది పని మానేసిన పి53 ఎండీఎం2ను తయారు చేయించలేదు, కాబట్టి తనను నాశనం చేసేవారు తగ్గి పోగుపడుతుంది. ఎండీఏ-ఎంబీ-468 కణాలను ఏ మందూ వేయకుండా జెల్‌లో పెట్టి చూడండి, మందు వేసిన ఎంసీఎఫ్-7తో పోటీపడే బ్యాండ్ వస్తుంది. అది 273వ స్థానంలో ఆర్జినీన్ బదులు హిస్టిడీన్ చేరిన పి53. పని జరుగుతోందా అని తెలియాలంటే పి53 ఆజ్ఞతో తయారయ్యే పి21 ప్రోటీన్‌ను చూడాలి. ఎంసీఎఫ్-7లో డాక్సోరూబిసిన్ వేశాక పి53తో పాటు పి21 కూడా పెరగాలి. పి21 చిన్నది, 21 దగ్గర ఉంటుంది, దానికి 12 లేదా 15 శాతం జెల్ పోసుకోండి.

ఇది పరిశోధనకు మాత్రమే. రోగి నమూనా మీద ఈ బ్లాట్ చూసి చికిత్స గురించి ఎవరికీ ఏమీ చెప్పకూడదు.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికన్నా ఎక్కువ కాలం తినేసే తప్పు ఎలుక కణజాలంతో వస్తుంది. ఒక విద్యార్థిని ఎలుక కాలేయం లైసేట్ల మీద డీవో-1 వేసి, అన్ని వరుసల్లోనూ 50 పైన చక్కటి బ్యాండ్లు తెచ్చుకుంది. మందు ఇచ్చిన ఎలుకల్లో కొంచెం దట్టంగా కూడా ఉన్నాయి. మూడు వారాలు ఆ పట్టికలు గీసింది. నేను చూసి ప్రైమరీ వేయకుండా సెకండరీ ఒక్కటే వేసి చేయమన్నాను. బ్యాండ్లు అక్కడే, అలాగే వచ్చాయి. కణజాలంలో రక్తం ఉంటుంది, రక్తంలో ఎలుక ఐజీజీ ఉంటుంది, దాని పెద్ద గొలుసు 50 కిలోడాల్టన్లు. ఎలుక ఐజీజీని పట్టుకోవడానికే తయారైన మన సెకండరీ దాన్ని నేరుగా పట్టుకుంది. డీవో-1 అసలు ఎలుక పి53ను చూడనే చూడదు కాబట్టి ఆ మెంబ్రేన్ మీద పి53 ఒక్క రవ్వ కూడా కనిపించలేదు. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు ఆమెది కాదు, సెకండరీ మాత్రమే వేసిన ముక్కను ఒక్కటి పక్కన పెట్టమని ఎవరూ చెప్పలేదు. ఎలుక కణజాలానికి కుందేలు ప్రైమరీ, కుందేలు ఐజీజీని పట్టే సెకండరీ వాడండి.

ఎంసీఎఫ్-7లో ఏమీ రాలేదా? ముందు పాన్సో ఫొటో, తర్వాత జీఏపీడీహెచ్ చూడండి. అవి బాగుంటే 293 లైసేట్‌ను పక్కన పెట్టి మళ్లీ చేయండి. అందులో వచ్చి ఎంసీఎఫ్-7లో రాకపోతే లోపం కణాల్లోనో మందులోనో ఉంది. 293లోనూ రాకపోతే యాంటీబాడీ, సెకండరీ, ఈసీఎల్ ఈ మూడింటిలో ఒకటి చచ్చిపోయింది. సెకండరీ చుక్కను ఒక ట్యూబులో ఈసీఎల్‌తో కలిపి చీకట్లో చూడండి, మెరిస్తే ఆ రెండూ బతికే ఉన్నాయి.

బ్యాండ్ మధ్యలో తెల్లగా బోలుగా కనిపిస్తే సిగ్నల్ తక్కువై కాదు, ఎక్కువై. హెచ్‌ఆర్‌పీ అక్కడి ఈసీఎల్‌ను క్షణాల్లో కాల్చేసింది. సెకండరీని సగానికి తగ్గించండి.

దగ్గర దగ్గరగా రెండు బ్యాండ్లు వస్తే వెంటనే చెడ్డ యాంటీబాడీ అనవద్దు. పి53లో 72వ స్థానంలో కొందరికి ప్రోలీన్, కొందరికి ఆర్జినీన్ ఉంటుంది. రెండూ ఉన్న కణాల్లో నడక కొద్దిగా తేడాగా ఉంటుంది. 53 కింద చాలా బ్యాండ్లు మెట్లలా దిగుతుంటే మాత్రం ప్రోటీన్ తెగిపోతోంది, అప్పుడు పీఎంఎస్‌ఎఫ్ దగ్గరికి, ఐస్ దగ్గరికి తిరిగి వెళ్లండి.

మెంబ్రేన్ అంతా నల్లబడితే యాంటీబాడీని తగ్గించడం కన్నా ముందు కడగడం పెంచండి. మధ్యలో మెంబ్రేన్ ఆరిపోయిందేమో కూడా గుర్తు చేసుకోండి. ఆరిన చోట ఎంత కడిగినా మచ్చ పోదు.

రాసి పెట్టుకోవడం

వ్యాసంలో "పి53 యాంటీబాడీ వాడాం" అని రాస్తే చదివినవారు మీ పనిని మళ్లీ చేయలేరు. క్లోన్ పేరు, తయారీదారు, కేటలాగ్ సంఖ్య, లాట్ సంఖ్య, చివరి గాఢత మైక్రోగ్రాముల్లో, వీటన్నిటితో పాటు యాంటీబాడీకి ఉండే ఆర్‌ఆర్‌ఐడీ గుర్తింపు సంఖ్య రాయండి. హెచ్1299 వరుస ఉన్న పూర్తి మెంబ్రేన్ ఫొటోను అనుబంధంలో పెట్టండి.

లైసేట్లు దాచేటప్పుడు హెచ్1299, మందు వేసిన ఎంసీఎఫ్-7 రెండింటినీ నమూనా బఫర్ కలిపి, మరిగించి, 20 మైక్రోలీటర్ల చొప్పున ఓ ముప్పై ట్యూబులు మైనస్ 80లో ఒక పెట్టెలో పెట్టి మూత మీద "పి53 పరీక్ష జత" అని రాయండి. ఏడాది తర్వాత డీవో-1 అయిపోయి కొత్త లాట్ సీసా వచ్చిన రోజున, ఇంకే నమూనా ముట్టకముందు ఆ జత నుంచి ఒక్కో ట్యూబు తీసి చిన్న జెల్ నడపండి.